చింతగింజల డబ్బా

ఆపా పోయిందన్న కబురు నాకు చర్ల బస్టాండులో తెలిసింది. మా ఊళ్లో ఫోనుకు సిగ్నల్ ఉండదు. గోదావరి పొంగి రోడ్డు మునిగిన అన్నాళ్లూ ఫోను గూట్లో ఊరికే పడి ఉంది. నీళ్లు తీసి బస్సులు మొదలయ్యాయని తెలిసి, అమ్మను వెంటబెట్టుకుని చర్ల దాకా వచ్చేసరికి సంచిలోని ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. మా క్లాసు గ్రూపులో అన్నీ ఒకే రకం మెసేజీలు, చేతులు జోడించిన బొమ్మలు. వెనక్కి జరుపుకుంటూ పోతే మొదటిది దొరికింది. నిన్నటిది. ఆపా కూతురు పెట్టింది. "అమ్మీ పొద్దున పోయింది. సాయంత్రం మట్టి. ఎల్లుండి జియారత్."

అమ్మ పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఇప్పపూల మూట. పాత చీర చెంగులో కట్టి, ఆ ముడిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆపాను చూడటానికే అమ్మ బయల్దేరింది. తనంతట తాను ఖమ్మం వస్తానని అడగడం ఇదే మొదలు. నేను ఫోను చూస్తుంటే నా మొహం చూసింది.

"ఎట్లున్నదంట?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నేనేం చెప్పానో చెప్పే ముందు ఆపా ఎవరో మీకు చెప్పాలి. లేకపోతే ఆ ఒక్క మాట నోట్లోంచి రావడానికి నాకు అంత కష్టం ఎందుకయిందో మీకు అర్థం కాదు.

ఆపా అంటే ఉర్దూలో అక్క, కానీ ఆమె నాకు చుట్టం కాదు. ఖమ్మంలో ఖానాపురం హవేలిలో నాకు స్పానిష్ నేర్పిన టీచరు. ఖమ్మంలో స్పానిష్ ఏంటని మీరు నవ్వొచ్చు, మేమూ నవ్వాం. డిగ్రీ అయ్యాక హైదరాబాదు కంపెనీల్లో ఇంగ్లీషు ఒక్కటీ వస్తే ఒక రకం ఉద్యోగం, స్పానిష్ కూడా వస్తే ఇంకో రకం ఉద్యోగం అని ఎవరో చెప్పారు. ఆ మాట విని షేర్ ఆటోలు ఎక్కి వచ్చినవాళ్లమే అందరం. కింద ఆపా కూతురి కాపురం, పైన ఒక గది. గదిలో చాప, తెల్ల బోర్డు, కిటికీ దగ్గర ఆపా కుర్చీ, కుర్చీ పక్కన చింతగింజల డబ్బా.

ఆమెది దుమ్ముగూడెం. వాళ్ల నాయన అడవి సంతల్లో గాజులు, బట్టలు అమ్మేవాడు. చిన్నప్పుడు ఆయనతో చర్ల సంతకు వచ్చి, గాజుల మూటల మధ్య కూర్చుని మా కోయ మాట నేర్చుకుంది. తర్వాత గోదావరి ఒడ్డున స్పెయిన్ నుంచి వచ్చిన చర్చి సిస్టర్లు చిన్న దవాఖానా పెడితే అందులో చేరింది. డాక్టరు సిస్టరుకు తెలుగు అంతంత మాత్రం, కోయ అసలు రాదు. రోగుల మాట డాక్టరుకు, డాక్టరు మాట రోగులకు చేరవేయడమే ఆపా పని. అట్లా ఏళ్ల తరబడి ఆ సిస్టర్ల వంటింట్లో, వాళ్ల కోపతాపాల్లో మునిగి స్పానిష్ నేర్చుకుంది. సిస్టర్లు ముసలివాళ్లై వెళ్లిపోయారు. దవాఖానా మూతపడింది. ఆపా కూతురి దగ్గరికి వచ్చేసింది. ఈ దవాఖానా సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది.

స్పానిష్‌లో ఇప్పుడు జరిగే సంగతి చెప్పడం తొందరగానే వస్తుంది. మా ప్రాణం తీసింది భూతకాలం. జరిగిపోయినదాన్ని చెప్పడానికి వాళ్లకు ఒక దారి కాదు, చాలా దారులున్నాయి. పుస్తకం చూస్తే తల తిరిగేది. ఆపా ఒకరోజు మా చేతుల్లోంచి పుస్తకాలు లాక్కుని మూసేసింది.

"చావింటికి ఎన్నడన్న పోయిన్రా?" అని అడిగింది.

మా జవాబు కోసం ఆగలేదు.

"పోయే ఉంటరు. అక్కడ ఎట్ల చెప్తరో యాద్ చేస్కోండ్రి. వచ్చినోళ్లు 'ఎట్లయింది' అని అడుగుతరు. ఇంటోళ్లు మొదటికెళ్లి చెప్తరు. వాన పడ్తుండె. నేను పొయ్యి కాడ ఉంటి. ఆయన మంచం మీద ఒరిగి ఉండె. అప్పుడు దగ్గొచ్చింది. లేసిండు. పడ్డడు. చూసిన్రా? ముందుగాల ఎట్లుండెనో చెప్తరు, తర్వాత ఏమైందో చెప్తరు. మీకు పుట్టుకతోనే వచ్చు. వాళ్లు గూడ గంతే. యోవియా అంటే వాన పడ్తుండె. యోవియో అంటే వాన పడ్డది. దీంట్ల భయపడేది ఏమున్నది?"

అట్లా మేం చావు కబుర్లతో భూతకాలం నేర్చుకున్నాం. ఒకరు పోయినవాళ్ల ఇంటివాళ్లు, మిగతావాళ్లం పరామర్శకు వచ్చినవాళ్లం. బతికున్న తాతలనూ మేనమామలనూ అందరినీ చంపేశాం. ఒకమ్మాయి వాళ్ల హాస్టల్ వార్డెన్‌ను వారానికోసారి చంపేది. ఆపా పడీపడీ నవ్వేది, నవ్వుతూనే తప్పులు పట్టేది. ఒక వాక్యం సరిగ్గా వస్తే డబ్బాలోంచి ఒక చింతగింజ తీసి కుప్ప వేయాలి. తప్పు చెబితే కుప్పలోంచి ఒకటి డబ్బాలోకి. ఎండాకాలం చింతపండు కొట్టినప్పుడు గింజలన్నీ కడిగి ఎండబెట్టి ఆమె దాచుకున్నవి.

ఒక్కోరోజు ఆ డబ్బా ఉండేది కాదు. అంటే ఆ వీధిలో ఎవరో పోయారన్నమాట. మూడోనాడు జియారత్‌కు ఆ ఇంట్లో ఆడవాళ్లంతా తెల్ల దుప్పటి పరిచి చుట్టూ కూర్చుని, ఒక్కసారి కల్మా చదివి ఒక్కో గింజ పక్కన వేస్తారు. ఎన్నిసార్లు చదివారో గింజలే చెబుతాయి. ఆ గింజల కోసం అందరూ ఆపా దగ్గరికే వచ్చేవాళ్లు. డబ్బా లేని రోజు మేం వేళ్ల మీదే లెక్క పెట్టుకునేవాళ్లం, ఆపా ఆ రోజు గట్టిగా అరిచేది కాదు.

భూతకాలం ఒక ఎత్తు, కోరికలూ సందేహాలూ చెప్పే పద్ధతి ఇంకో ఎత్తు. జరిగినదానికి వాళ్ల క్రియ ఒక రకంగా ఉంటుంది. జరగాలని కోరుకునేదానికి, జరుగుతుందో లేదో తెలియనిదానికి ఇంకో రకంగా మారిపోతుంది. మాకు అది ఎంతకూ పట్టుబడేది కాదు. నేనైతే కోరికలన్నీ జరిగిపోయినట్టే చెప్పేదాన్ని. ఆ విషయంలో ఆపాకు నవ్వు వచ్చేది కాదు.

"మనది మెత్తని నోరు బేటా," అనేది. "మంచిగ కావాలె అనేదాన్ని మంచిగైంది అని చెప్పేస్తం. వాళ్లు రెండు సంగతులకు రెండు గొంతులు పెట్టుకున్నరు. కలపకు. ఉన్నదాంట్లకెళ్లి తీయకు, లేనిది కలపకు."

ఆ పాఠంలో ఆమెకు ప్రాణమైన మాట ఒకటి ఉండేది. ఓహలా. అట్లా జరిగితే ఎంత బాగుండు అని చెప్పేటప్పుడు వాళ్లు మొదట అనే మాట. అరబ్బులు వాళ్ల దేశాన్ని ఏలిన రోజుల్లో అక్కడ దిగిన మాటట, దాని లోపల అల్లా పేరు ఉందట. "మా ఇంటి మాటే, ఊర్లు తిరిగి మళ్ల నా దగ్గరికి వచ్చింది," అని మురిసిపోయేది. జరగకుండా పోయినదాని గురించి బాధపడేటప్పుడు కూడా ఆ మాటే. ఓహలా ఉబియేరా దిచో. చెప్పి ఉంటే ఎంత బాగుండు. దీన్ని మాచేత అనిపించినన్ని సార్లు ఇంకేదీ అనిపించలేదు. నాకు విసుగొచ్చేది. ఉద్యోగంలో ఎవరు అడుగుతారు ఇట్లాంటివి అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం నా వంతు వచ్చింది. కల్పించి కాదు, మీ ఇంట్లో అందరికీ తెలిసిన ఒక రోజు చెప్పమంది ఆపా. మా ఇంట్లో అట్లాంటి రోజు ఒక్కటే. నాకు ఊహ తెలిసీ తెలియని వయసు. తమ్ముడు ఇంకా పాకని పిల్లవాడు. నేను చెప్పాను. వాన పడుతుండె. తమ్ముడి ఒళ్లు కాలిపోతుండె. నాయన వాణ్ని భుజాన వేసుకుని నడుస్తుండె, నేను అమ్మ చీర పట్టుకుని ఉంటిని. గోదావరి ఒడ్డు దవాఖానాకు వచ్చాం. తెల్ల బట్టల డాక్టరమ్మ చూసింది, ఏదో చెప్పింది. పక్కన నిలబడ్డ ఆమె మా మాటలోనే తగ్గుతుంది, ఇంటికి తీసుకుపొమ్మంది. తీసుకుపోయాం. తగ్గుతుంది కదా అని నాయన చర్ల అవతల రోడ్డు పనికి వెళ్లిపోయాడు. నాయన తిరిగొచ్చేలోపల తమ్ముడు చనిపోయాడు.

క్రియలన్నీ సరిగ్గా వచ్చాయి. నా మొదటి తప్పులేని కథ అది. మెచ్చుకుంటుందేమోనని ఆపా వైపు చూశాను. ఆపా చేతిలో ఒక గింజ ఉంది. దాన్ని కుప్పలో వేయలేదు, డబ్బాలో వేయలేదు. గుప్పిట మూసి అట్లాగే కూర్చుంది. కాసేపటికి "ఈ రోజుకు చాలు" అని లేచి కిందికి వెళ్లిపోయింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం.

ఆ తర్వాత నాతో చాలా కఠినంగా ఉండేది. అందరికీ ఒకసారి చెబితే నాచేత పదిసార్లు చెప్పించేది. కానీ అందరూ వెళ్లాక నాకు వేరే చాయ్ పెట్టి ఇచ్చేది, రొట్టె కాల్చి పెట్టేది. నేను మా ఊరికి వెళ్లి వచ్చినప్పుడు అమ్మ పంపిన ఇప్పపూలు తీసుకెళితే మాత్రం ముట్టుకునేది కాదు. "పిల్లలకు పెట్టు. నాకొద్దు," అనేది. ఇంకోసారి తేనె తీసుకెళ్లాను. అదీ వద్దంది. మూడోసారి నాకు కోపం వచ్చింది. మా గూడెం చేతి తిండి ఈమెకు పనికిరాదన్నమాట అనుకున్నాను. చదువుకునే రోజుల్లో హాస్టల్లో అట్లాంటివి చూసినదాన్ని. మళ్లీ ఏమీ తీసుకెళ్లలేదు.

నాకు హైదరాబాదు కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది, పని మాత్రం ఖమ్మంలో నా గది నుంచే. ఎక్కడో దూరదేశంలో ఆసుపత్రి డాక్టరుకు ఇంగ్లీషు, రోగికి స్పానిష్. ఇద్దరి మధ్య ఫోనులో నేను. డాక్టరు 'నేను' అంటే నేనూ 'నేను' అనాలి, రోగి 'నేను' అంటే అప్పుడూ 'నేను' అనాలి. సొంత మాట ఒక్కటి కూడా ఉండకూడదు. ఒకరోజు ఒక కూతురితో, మీ నాన్నకు ఇక మందులు పనిచేయవు అని చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. సాయంత్రం ఆపా దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

"కలిపినవా?" అంది.

"లేదు ఆపా."

"తీసినవా?"

"లేదు."

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఈ వానాకాలం మొదట్లో ఆపా గుండెకు నీరు పట్టింది. దవాఖానాలో కొన్నాళ్లు ఉండి వచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి. అయినా మెట్లెక్కి పైగదికే వచ్చి కూర్చునేది. ఒక మధ్యాహ్నం నన్ను ఒక్కదాన్నే ఉండమంది. "నేను స్పానిష్ల చెప్త. నువ్వు తెలుగు చెయ్యి. నీ ఉద్యోగంల చేసినట్టే చెయ్యాలె," అంది. అభ్యాసమే కదా అని కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.

ఆమె ఒక్కో వాక్యం చెప్పి ఆగేది, నేను తెలుగులో అనేదాన్ని. వాన పడుతుండె. నేను డాక్టరు సిస్టరు పక్కన నిలబడి ఉంటిని. ఒక కోయ జంట పసిపిల్లవాడిని తెచ్చారు. వెంట ఒక ఆడపిల్ల ఉండె, తల్లి చీర పట్టుకుని ఉండె. సిస్టరు చూసింది. ఇక ఏమీ చేయలేం, ఎక్కడికి తీసుకుపోయినా బతకడు, ఇంటికి తీసుకుపోయి అందరూ దగ్గరుండండి అని చెప్పమంది. నేను ఆ తల్లి మొహం చూశాను. తగ్గుతుంది, ఇంటికి తీసుకుపోండి అని చెప్పాను.

నా నోటితో నేనే అన్నాను. నేను చెప్పాను అని. ఆ 'నేను' నేను కాదని తెలియడానికి కొంత టైం పట్టింది. తెలిశాక తెలుగు చేయడం ఆపేశాను. ఆపా ఆగలేదు, తెలుగులోకి వచ్చేసింది.

"దవాఖానాల చావు మాట తియ్యొద్దని మా అమ్మ చెప్పేది. నోట్లకెళ్లి మంచి మాటే వచ్చింది. నా కోరిక, జరిగేదన్నట్టు చెప్పిన. మీ నాయన పనికి పోయిండని నువ్వు చెప్పేదాంక నాకు తెల్వదు."

అప్పటి నా కోపం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. మా నాయన కొడుకు పోయేటప్పుడు దగ్గర లేనన్న బాధతోనే తాగుడులో పడ్డాడు, అట్లాగే పోయాడు. తాగిన ప్రతిసారీ ఒకటే మాట. తగ్గుతదని చెప్పిరి, తగ్గుతదని చెప్పిరి. ఆ మాట అన్నది ఎవరో మనిషి అని మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆ మనిషి నా ఎదురుగా, నాకు రొట్టెలు పెట్టిన చేతులతో కూర్చుని ఉంది. నాకు ఆమెను చూడాలనిపించలేదు.

"మీ అమ్మకు చెప్పు," అంది ఆపా. "నేను చెప్పినట్టే చెప్పు. ఆమె ఏమంటే అది తెచ్చి నాకు చెప్పు. తిడితే తిట్టినట్టే చెప్పాలె. నాకోసం మెత్తగ చెయ్యకు."

అప్పుడు అర్థమైంది ఇప్పపూల సంగతి. మా గూడేల్లో ఒక కట్టుబాటు ఉంది. ఒక ఇంటికి తప్పు చేసినవాళ్లు, ఆ తప్పు తేలేదాకా ఆ ఇంటి తిండి తినరు, నీళ్లు తాగరు. ఆపా సంతల్లో పెరిగిన మనిషి, ఆమెకు తెలుసు. మా గూడేన్ని చిన్నచూపు చూసిందని నేననుకున్న ఆపా, మా గూడెం పద్ధతే పాటించింది. చాయ్ ముట్టుకోకుండానే లేచి వచ్చేశాను, కానీ సెలవు అడిగి ఊరికి బయల్దేరాను.

నేను వెళ్లిన మర్నాడే గోదావరి పొంగింది. అమ్మ చూరు కింద కూర్చుని జొన్నలు ఏరుతుంటే చెప్పాను. కోయలోనే చెప్పాను, ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. అమ్మ చేతులు ఆగలేదు. చెప్పడం అయిపోయాక కూడా చాలాసేపు ఏరుతూనే ఉంది. మేం కోయలో మాట్లాడుకున్నదే, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"ఆ పిల్ల తగ్గుతది అన్నప్పుడు దాని చెయ్యి మనోని కాళ్ల మీద ఉండె. చెయ్యి వణుకుతుండె. తగ్గేటోని మీద చెయ్యి గట్ల వణకది."

"మరి నాయనకు చెప్పలేదా?"

అప్పుడు ఆగాయి అమ్మ చేతులు. "మీ నాయన చెయ్యి చూడలే, మాట విన్నడు. దారిల నన్ను అడిగిండు, నిజంగ తగ్గుతదా అని. తగ్గుతది, నువ్వు పనికి పో అన్న. ఆయన ఏడుస్తే నేను ఆగను. మనోడు ఉన్న ఆ కొంచెం సేపు ఏడుపుల నడుమ ఉండొద్దనుకున్న. ఆడించిన. నవ్విండు గూడ."

బయట వాన కురుస్తూనే ఉంది. నాకు ఎవరి మీద కోపం పెట్టుకోవాలో తెలియలేదు.

"మీ నాయన తాగొచ్చి గా మాట అన్నప్పుడల్ల నా దిక్కు చూసినట్టే ఉండె," అంది అమ్మ. "ఇన్నేండ్లు నేనొక్కదాన్నే అనుకున్న. పాపం గా పిల్ల గూడ మోస్తున్నదా?"

ఆపాను పిల్ల అన్నది. అమ్మ మనసులో ఆమె ఇంకా వణికే చేతుల పిల్లే. లేచి బుట్టలోంచి ఇప్పపూలు తీసి చెంగులో కట్టింది. ఫోను కలిసే చోటికి వెళ్లి నేను చెప్తాలే అన్నాను.

"నడుమల నువ్వెందుకు? దానికి మన మాట వస్తది. నేనే పోయి చెప్త. నా చేతి పువ్వు తింటదో లేదో చూస్త," అంది.

నీళ్లు తీసేదాకా రోజూ పొద్దున్నే లేచి రోడ్డు వైపు చూసేది. మాటను మోసుకుని తిరగడం ఎంత బరువో ఆ రోజుల్లో అమ్మను చూస్తే తెలిసింది.

ఇప్పుడు మళ్లీ చర్ల బస్టాండు. ఎట్లున్నదంట అని అమ్మ అడిగింది. చర్ల నుంచి ఖమ్మం చాలా దూరం. ఆ దూరమంతా అమ్మ ఆపాతో ఏం మాట్లాడాలో అనుకుంటూ, ఇప్పపూల మూట పట్టుకుని సంతోషంగా రావచ్చు. తగ్గిందంట అన్న మాట నా నాలుక చివరకు వచ్చింది. నిజంగానే వచ్చింది. ఆ క్షణాన ఆపా నాకు పూర్తిగా అర్థమైంది, అమ్మ కూడా అర్థమైంది.

"ఆపా చనిపోయిందమ్మా," అన్నాను. "నిన్న పొద్దున."

అమ్మ మూట ముడి విప్పి మళ్లీ గట్టిగా కట్టింది. కాసేపటికి భద్రాచలం బస్సు వచ్చింది. నేను కదలకపోతే అమ్మే ముందు లేచింది.

"అమ్మా, ఇంక పోయి ఏం చేస్తాం?"

"ఎట్లయిందో అడగొద్దా?" అంది.

జియారత్ రోజు పొద్దున్నే ఆపా ఇంట్లో అడుగుపెట్టాం. గది నిండా ఆడవాళ్లు. మా క్లాసువాళ్లు గోడవార కూర్చుని ఉన్నారు. ఆపా కూతురు నన్ను చూసి ఏడ్చింది. అమ్మ ఆమె ఎదురుగా కూర్చుని, వచ్చీరాని తెలుగులో, "ఎట్లయింది బిడ్డా?" అని అడిగింది. ఆ అమ్మాయి అప్పటికి ఎంతమందికి చెప్పిందో, మళ్లీ మొదటి నుంచీ చెప్పింది.

"వాన పడ్తుండె. నేను కింద బియ్యం ఏరుతుంటి. అమ్మీ పైన కిటికీ కాడ కూసోని ఉండె. చర్ల దిక్కు బస్సులు నడుస్తున్నయా అని పొద్దున లేస్తే అడుగుతుండె. ఎవరికోసమంటే చెప్పకపోతుండె. గా రోజు గూడ అడిగింది. లేదమ్మీ, నీళ్లు ఇంక తియ్యలే అన్న. అప్పుడు డబ్బా పడ్డ సప్పుడైంది. ఉరికిన. గింజలు గదంత పడి ఉన్నయి."

ఆపా నేర్పిన పాఠం ఆపా మీదే విన్నాను. ఎట్లుండెనో ముందు, ఏమైందో తర్వాత. ఒక్క తప్పు లేదు. అమ్మ మాత్రం బస్సుల మాట దగ్గరే ఆగిపోయింది. బస్సుల కోసం చూసిందా అని నన్ను కోయలో అడిగింది. అవ్ అన్నాను.

అమ్మ మూట విప్పి ఇప్పపూలు ఆపా కూతురి చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి వాసన చూసి, "అమ్మీకి ఇవి చాలా ఇష్టం. తెస్తే మాత్రం తినకపోతుండె, ఎందుకో," అంది. పళ్లెంలో ఖర్జూరాల పక్కన పోసింది. తర్వాత అందరికీ పంచారు.

తెల్ల దుప్పటి పరిచి మధ్యలో డబ్బా బోర్లించారు. మా గింజలే. కొన్నింటి మీద మా వేళ్ల నునుపు ఇంకా ఉంది. చుట్టూ కూర్చుని అందరూ చదువుతున్నారు, ఒక్కో గింజ పక్కన పడుతోంది. మేం వెనక కూర్చున్నాం. ఆపా కూతురు చోటిచ్చి అమ్మను ముందుకు పిలిచింది.

"నాకు మీ చదువు రాదు," అంది అమ్మ.

"నీకు వచ్చిందే చదువుకో అమ్మా. పర్వాలేదు."

అమ్మ ఒక గింజ తీసుకుంది. పెదవులు కదిలాయి. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. నాకు తెలిసింది పిల్లా, నేను గూడ గదే చెప్పిన. గింజ పక్కన వేసింది. ఇంకోటి తీసింది. మళ్లీ అదే. ఆ గదిలో కోయ వచ్చింది నా ఒక్కదానికే. ఆ మాటలను నేను ఎవరికీ తెలుగు చేయలేదు. ఓహలా ఉబియేరా దిచో అని ఆపా మాచేత ఎందుకు అన్నిసార్లు అనిపించేదో అనుకుంటూ, ఏడుస్తూ కూర్చున్నాను. నేనొక నాలుగు రోజులు ముందు ఊరికి బయల్దేరి ఉంటే ఎంత బాగుండు. ఈ మాట ఇంక ఎన్నేళ్లు అనుకుంటానో తెలియదు.

చదవడం అయిపోయింది. గింజలన్నీ మళ్లీ డబ్బాలోకి ఎత్తారు. అమ్మ చేతిలో చివరి గింజ ఉంది. మూసిన ఆ గుప్పిటను ఆపా కూతురు చూసి, డబ్బా మూత పెట్టేసింది.

సాయంత్రం బస్సులో అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఖాళీ చెంగు ఒళ్లో పడి ఉంది. భద్రాచలం వంతెన మీదికి వచ్చేసరికి బస్సు కుదుపుకు తల పక్కకు జారింది. కింద గోదావరి ఇంకా ఎర్రగానే పారుతోంది. నేను అమ్మ తల సరిచేశాను. నిద్రలో కూడా ఆ కుడి గుప్పిట విడలేదు.